ఇటలీ కారు మేస్త్రీ

మేస్త్రీ పోయాడన్న సంగతి నాకు పెట్రోలు బంకులో తెలిసింది. తాడిపత్రి బండలు తోలే లారీ ఓనరు ఒకాయన ట్యాంకు నింపించుకుంటూ, "ఏమప్పా, ఇంకా ఈడే ఉండావా? మేస్త్రీ పోయినాడు గదా. సాయంత్రం సమాధుల కాడికి తీసకపోతారంట" అన్నాడు. పాఠకులకు అబద్ధం చెప్పి లాభం లేదు. అప్పుడు నా నోట వచ్చిన మొదటి మాట ఇది: "షెడ్డు తాళం ఎవురి దగ్గరుండాది?"

లారీ ఓనరు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. బండెక్కి వెళ్లిపోయాడు. ఇంటికొచ్చి నా భార్యకు చెబితే ఆమె ఊరుకోలేదు. "మనిషి పోయినాడంటే తాళం గురించి అడిగినావా? నీకు సిగ్గుండాదా?" అంది. అనుమానం పెనుభూతం అంటారు. మా ఇంట్లో ఆ భూతానికి పూటపూటా విస్తరి వేసి వడ్డించేవాణ్ణి నేనే. పాలు పోయించుకుంటే చెంబు అడుగు తడిమి చూసే రకం. ఆ బుద్ధితోనే ఒక మంచి పనివాడి పేరు చెడగొట్టాను. ఇది ఆయనను తలుచుకోవడానికే రాస్తున్నాను కానీ, నా తప్పు చెప్పకుండా ఆయన గురించి చెప్పడం కుదరదు.

సుమారు పదేళ్ల కిందట గనుల్లో పనిచేసే ఒక దొర దేశం విడిచిపోతూ తన కారు అమ్మకానికి పెట్టాడు. ఇటలీలో తయారైన కారు. రెండే తలుపులు, నేలకు ఆనుకున్నంత ఎత్తు, వెనక్కి వాలిన టాపు. అప్పటికే పాతది. ఆ ఏడు చెనిక్కాయ బాగా పండింది. నా ఒళ్లు నాకు తెలియలేదు, కొనేశాను. మా నాయన దాని చుట్టూ ఒకసారి తిరిగి, "నలుగురు కూర్చోనీకి లేదు, మూట పెట్టనీకి లేదు. ఇది బండేందిరా?" అన్నాడు. ఊళ్లోవాళ్లు కప్పకారు అన్నారు. వేగం అంటే నాకు పిచ్చి. ఎవరేమన్నా నా చెవికెక్కలేదు.

గుంతకల్లులో అలాంటి కారును ముట్టుకునే ధైర్యం ఉన్నది ఒక్క మేస్త్రీకే. రైల్వేలో ఆవిరి ఇంజన్ల మీద ఫిట్టరుగా చేసి, మానేసి, గుత్తి రోడ్డులో రేకుల షెడ్డు వేసుకున్నాడు. కూలికి పోయే కిరస్తానీ కుటుంబంలో పుట్టి పానా పట్టినవాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. మొదటిరోజు ఆయన కారు మీద చెయ్యే వేయలేదు. గోనెపట్టా పరుచుకుని దాని కింద గంటసేపు పడుకున్నాడు. లేచి వచ్చి, "చేసినోడు శానా తెలివైనోడు. మన రోడ్లు చూడలేదు, అంతే" అన్నాడు.

మెకానిక్కులందరూ పని అయ్యాక చేతులు కడుక్కుంటారు. ఆయన పని మొదలుపెట్టే ముందు కూడా కడుక్కునేవాడు. ఇంజన్ నడుస్తుంటే పొడుగాటి స్క్రూడ్రైవరు మొన దానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. ఆ సమయంలో పలకరిస్తే పలికేవాడు కాదు. ఓనర్లను మాత్రం షెడ్డులో నిలబడనిచ్చేవాడు కాదు. బయట బండ మీద కూర్చోమనేవాడు. "కండ్ల ముందర నిలబడుకుంటే చెయ్యి నీ మొగం చూస్తాదప్పా, పని చూడదు" అనేవాడు. నా అనుమానానికి మొదటి నిప్పురవ్వ పడింది ఆ బండ మీదే.

రెండో రవ్వ ఇంకోటి ఉంది. మా ప్రాంతంలో ఏ మెకానిక్కయినా కొత్త సామాను వేస్తే పాతది ఓనరు చేతిలో పెట్టాలి. నిజంగా మార్చాడనడానికి అదే సాక్ష్యం. పనికిరాని బోల్టయినా సరే, గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చుకోకపోతే మాకు నిద్ర పట్టదు. మేస్త్రీ ఇచ్చేవాడు కాదు. అరిగిన సామానుకు చీటీ కట్టి గోడకు వేలాడదీసేవాడు. ఎందుకని అడిగితే, "యాడ అరిగిందో చూస్తే బండి ఎట్ల తోల్తాండావో తెలుస్తాది. డాక్టరు దగ్గర చీటీ ఉండల్ల గానీ రోగి దగ్గర ఎందుకు?" అన్నాడు. మాట బాగుందనుకున్నాను కానీ నమ్మలేదు.

ఆ కారుకు ఆయన చేసిన పనులు ఇప్పుడు తలుచుకుంటే నాకే ఆశ్చర్యం. మా దుమ్ము ఇంజన్లోకి పోకుండా, గాలి పీల్చే మూతికి కురుబలు నేసే గొర్రెబొచ్చు కంబళి ముక్కను ఆముదంలో తడిపి బిగించాడు. మన బంకుల్లో దొరికే పెట్రోలుకు ఇంజన్ కొట్టుకోకుండా, రాగిరేకు కత్తిరించి మందపాటి గ్యాస్కెట్ వేశాడు. స్ప్రింగులు గట్టివి చేశాడు. బ్రేకులకు గాలి తగిలేలా చక్రాల వెనక రేకుకు బెజ్జాలు తొలిచాడు. అదంతా అయ్యాక నన్ను తాడిపత్రి కనుమ మీదికి తోలమని, పక్కన కూర్చుని కళ్లు మూసుకున్నాడు. ఒకదాని వెంట ఒకటి వచ్చే మలుపుల్లో కారు కడుపులో చల్ల కదలకుండా తిరిగింది. పైకి చేరాక కళ్లు తెరిచి, "వేగం ఇంజన్లో లేదప్పా, మలుపులో ఉండాది. నిలిపేది తెలిసినోడే ఉరికించల్ల" అన్నాడు.

నాకు మలుపులతో పనిలేదు. నా కొలబద్ద మెయిలు బండి. గుత్తి రోడ్డు కొంతదూరం రైలు పట్టాల పక్కనే పోయి, గేటు దగ్గర పట్టాలు దాటుతుంది. మెయిలు గుంతకల్లు వదలగానే నేనూ బయలుదేరి, గేటు వేసేలోపల దాటిపోవాలి. అదీ నా పందెం. మొదట్లో గెలిచేవాణ్ణి. ఒకసారి గేటు సగం దించాక దాని కింద దూరి పోయాను. గేటుమ్యాను జెండా పారేసి నెత్తి కొట్టుకున్నాడట. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ వారంలోనే కారు మేస్త్రీ దగ్గరికి మామూలు పనికి వెళ్లింది. తిరిగొచ్చేటప్పటికి ఇంజనుకు గాలీ పెట్రోలూ కలిపి అందించే కార్బురేటర్లు రెండు ఉండాల్సిన చోట ఒకటే ఉంది, అదీ బొంబాయిలో బిగించే మామూలు కారుది. "ఆ రెండూ నీకు ఇప్పుడు పనికిరావు, ఇది చాలు" అన్నాడు. పాతవి ఏవని అడిగాను. "ఉండాయిలే" అన్నాడు. అప్పటినుంచి మెయిలు నన్ను గేటు దగ్గర నిలబెట్టి పోవడం మొదలుపెట్టింది.

ఇక నా బుర్ర ఊరుకుంటుందా? కంబళి ఎందుకు కట్టాడు, గాలి ఆడకుండానా? రాగిరేకు ఎందుకు వేశాడు, లోపలి అసలు సామాను కనబడకుండానా? బళ్లారి నుంచి ఒక కాంట్రాక్టరు అలాంటి ఇటలీ కారులోనే వచ్చి షెడ్డు ముందు ఆపడం చూశాను. లెక్క సరిపోయిందనుకున్నాను. నా కార్బురేటర్లు బళ్లారి చేరాయి! ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. నాకు నేనే చెప్పుకుని, నేనే నమ్మాను.

దొంగను పట్టుకోవడానికి ఆయుధపూజ రోజును ఎంచుకున్నాను. ఆ రోజు ఏ షెడ్డులోనూ పానా పట్టరు. గోడకున్నవీ, పెట్టెల్లో ఉన్నవీ అన్నీ కడిగి, బయట పరిచి, కుంకుమ పెడతారు. సామాను దాచిపెడితే అరిష్టమని మావాళ్ల నమ్మకం. మేస్త్రీ కిరస్తానీ అయినా, లారీలవాళ్ల కోసం, పనివాళ్ల కోసం ఆ పండగ జరిపించేవాడు. ఒక్కొక్క పానాను కిరసనాయిలుతో తానే తుడిచి, గోనెల మీద వరసగా పేర్చి, పూజ వాళ్లకొదిలేసి, తాను ఓ పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాడు. చివర్లో అందరికీ బొరుగులు, బెల్లం పంచేవాడు.

నేను వెళ్లి ఆ వరసలన్నీ చూశాను. నా కారు బోల్టులు కూడా చీటీలతో ఉన్నాయి. కార్బురేటర్లు లేవు. అందరి ముందూ అడిగాను.

"ఏం మేస్త్రీ, నా ఇటలీ సామాను యాడ? బళ్లారిలో ఎంతకు పోయినాయి?"

ఆయన చేతిలో బొరుగుల చేట ఉంది. దాన్ని కింద పెట్టలేదు.

"యాడికీ పోలేదప్పా. ఉండాయి."

"ఉంటే చూపీ."

"నమ్మినోనికి చూపియ్యాల్సిన పనిలేదు. నమ్మనోనికి చూపిచ్చినా చాలదు" అన్నాడు. అని, నా దోసిట్లో బొరుగులు పోశాడు. వాటిని అక్కడే పారబోసి వచ్చేశాను. అంతమందిలో నేనన్న మాటకు ఎదురు చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. మా పొలాల్లోకి పనికి రావాల్సినవాళ్లు, మా నాయన మాటతో లారీ పర్మిట్లు తెచ్చుకున్నవాళ్లు ఎలా చెబుతారు? అప్పుడు మాత్రం నా మాట నిజం కాబట్టే ఎవరూ కాదనలేదనుకున్నాను.

కారును బెంగుళూరు తీసుకెళ్లాను. అక్కడి మెకానిక్కు మూత తెరిచి, కంబళి ముక్కను రెండు వేళ్లతో ఎత్తిపట్టి, "ఇది కారా, గొర్రెనా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. కంబళి తీసేశాడు, రాగిరేకు తీసేశాడు, కొత్త కార్బురేటర్లు రెండు బిగించాడు. కారు రెక్కలొచ్చినట్టు లేచింది. ఊరికి రాగానే కనబడ్డవాడికల్లా చెప్పాను, మేస్త్రీ నన్నెలా ముంచాడో. ఒక్కొక్క బండే ఆ షెడ్డు ముందు ఆగడం తగ్గింది.

ఆ తర్వాత కారు నా దగ్గర పట్టుమని ఏడాది నడవలేదు. నడి ఎండాకాలంలో తాడిపత్రి కనుమ ఎక్కుతుంటే ఇంజన్లో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడైంది. తొక్కాను. ఇంకా తొక్కాను. నల్లటి పొగ వచ్చి ఆగిపోయింది. ఎద్దులు కట్టి ఇంటికి లాక్కొచ్చి విప్పిస్తే పిస్టనుకు బొక్క, లోపలి గోడలన్నీ దుమ్ముకు గీరుకుపోయి ఉన్నాయి. కంబళి ఎందుకో, రాగిరేకు ఎందుకో అప్పుడు తెలిసింది. తెలిసినా ఎవరికీ చెప్పలేదు. కారు మీద టార్పాలిన్ కప్పి, "పాతబండి, పోయింది" అన్నాను. మూడేళ్లు అదే మాట. పైగా, ఆ కార్బురేటర్లు మాత్రం ఏమయ్యాయి అని మనసులో ఒక మూల గొణుగుడు. ఆ మూలను పట్టుకునే మూడేళ్లూ ఆయన షెడ్డు ముందునుంచి మొహం తిప్పుకుని పోయాను. ఆయన మాత్రం రోడ్డు మీద ఎదురుపడితే, "బాగుండావా అప్పా?" అనేవాడు.

ఆ సాయంత్రం సమాధుల దగ్గరికి వెళ్లాను. మట్టి వేయడం అయ్యాక, బంకులో కనబడిన లారీ ఓనరూ ఇంకొందరూ చేతులు దులుపుకుంటుంటే, ధైర్యం చేసి గట్టిగానే అన్నాను. "ఆ పొద్దు నేనన్న మాట తప్పు. ఆయన పనిలో మోసం లేదు. నా బండి చెడగొట్టుకున్నది నేనే."

లారీ ఓనరు నిమ్మళంగా అన్నాడు. "అది మాకు అప్పుడే తెలుసప్పా. నీకు జడిసి బండ్లు వేరే చోటికి తోలుకపోతిమి. ఇప్పుడు చెప్తే ఎవురికి?"

ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. ఎవరూ ఓదార్చలేదు, ఓదార్చాల్సిన పనీ లేదు.

మరుసటి రోజు పొద్దున వాళ్లింటికి వెళ్లాను. ఒకటే గది, వాకిలికి తలుపు బదులు గోనెపట్టా వేలాడుతోంది. మేస్త్రీ భార్య నన్ను చూసి పీట వాల్చింది. నేను నోరు తెరిచేలోగానే ట్రంకుపెట్టె తెరిచి, ఆముదం వాసన కొట్టే కంబళి మూట ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది.

"నువ్వు గేటు కింద దూరినావంట గదా, ఆ వారం ఇంటికి తెచ్చినాడు. గేటుమ్యాను వచ్చి ఏడ్చిపోయినాడు, నా కొలువు పోతాది, ఆ పిల్లోడి పానం పోతాదని. షెడ్లో పెడితే నువ్వు జగడం చేసి తీసకపోతావని ఈడ పెట్టినాడు. ఏటేటా ఆముదం మారుస్తాండె. ఈ దేశంలో దొరకవంట. నెమ్మదించినాక ఆయప్పకే ఇయ్యి అన్నాడు."

మూట విప్పాను. నా రెండు కార్బురేటర్లు, కొత్తవాటిలా మెరుస్తున్నాయి. ఆమెకు దండం పెట్టాల్సింది. పెట్టలేదు. నా చెయ్యి తనంతట తానే ఒకదాన్ని తిరగేసింది. దొర ఇచ్చిన కాగితంలోని నెంబర్లు నాకు కంఠతా వచ్చు. అడుగున పోతపోసిన అంకెల కోసం వేలితో తడుముతున్నాను. ఏం చేస్తున్నానో అప్పుడు గ్రహించి తలెత్తాను. ఆమె చూస్తోంది.

"చూసుకో నాయనా. నెంబరు చూస్తావని మా ఇంటాయన ముందే చెప్పినాడు" అంది. "ఆడ చీకటి. ఇట్ల రా."

లేచి వెళ్లి వాకిట్లో గోనెపట్టాను పక్కకు లాగి పట్టుకుంది. ఎండ వచ్చి నా చేతుల మీద పడింది. నెంబరు సరిపోయింది. ఆమె మాత్రం పట్టా వదల్లేదు. రెండోది కూడా చూసుకుంటానేమోనని, అలాగే పట్టుకుని నిలబడింది.