కుంకుమ బొట్టు చూసి బిగించిన బెల్టు

నాకు చదువు వచ్చింది యాభై దాటాక. అమీర్‌పేటలో అక్షరాలు నేర్చుకోవడానికి బడి అక్కర్లేదు, తలెత్తితే చాలు. స్తంభానికీ గోడకీ కంప్యూటర్ కోర్సుల బోర్డులే. నేను కూడబలుక్కుని చదివిన మొదటి మాట "ఉద్యోగం గ్యారంటీ". అబద్ధంతోనే నా అక్షరాభ్యాసం అయింది.

మా మేడ మీద అద్దెకున్న గుంటూరాయన అలాంటి బోర్డు కిందే పాఠాలు చెప్పేవాడు. తన దగ్గర కోర్సు చేసిన పిల్లనే పెళ్లాడాడు. ఆ పిల్లకు హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చింది. ఆయనకు రాలేదు. ఇక ఆయనకు మిగిలిన పరువల్లా ఒక పాత కారు. దసరా మర్నాడు ఆమె మొదటిసారి ఆఫీసుకు పోయేది కంపెనీ బండిలో కాదు, తన కార్లోనే అని పట్టుపట్టాడు.

పంజాగుట్ట మెకానిక్ బానెట్ ఎత్తి చూశాడట. "టైమింగ్ బెల్టుకు పగుళ్లొచ్చినయ్ సార్. తెగిందంటే ఇంజన్ ఖతం. పండగ దాటినంక తేండ్రి, మా పనోళ్లంతా ఊర్లకు పోయిండ్రు" అన్నాడట.

మనవాడు బెల్టు కొనుక్కుని ఇంటికొచ్చాడు. ఇంటర్నెట్టు కాగితాలు గోడకు అంటించి, సగం మా గేట్లో, సగం గల్లీలో బండి పెట్టి విప్పాడు.

"నీకు ఈ పని వస్తదా సారూ?" అని అడిగాను.

"నేర్చుకుంటే ఏదైనా వస్తుంది బామ్మగారూ. మా దగ్గర నెలన్నరలో ఇంజనీర్లయిపోతున్నారు."

"అయినంక యాడ చేస్తుండ్రు?"

"వెతుక్కుంటున్నారు."

ఇంజన్‌కు పక్కన పైనొకటి, కిందొకటి పళ్ల చక్రాలున్నాయి. రెండూ కలిసి సమంగా తిరగాలంటే ఆ రబ్బరు బెల్టే ఆధారం; ఒక్క పన్ను తప్పినా ఇంజన్ పోతుందట. పాతది తీసేముందు ఏ పన్ను ఎక్కడుందో క్లాసు సుద్దముక్కతో గీతలు గీశాడు. పని తెలిసినవాడిలాగే గీశాడు, కాదనను. బెల్టు ఊడదీసి స్నానానికి పోయాడు. ఆ రోజు ఆయుధపూజ.

ఆయన అటు పోగానే ఆ పిల్ల పళ్లెంతో దిగింది. "ఇంజన్ లోపల పూజ చేసే భాగ్యం ఎవరికొస్తుందండీ" అని మురిసిపోయింది. మురికి ఇనుముకు బొట్టు పెట్టకూడదు కదా, తడిగుడ్డతో చక్రాలు తిప్పితిప్పి తుడిచింది. పసుపు రాసి, కుంకుమ పెట్టి, ముందు టైర్ల కింద నిమ్మకాయలు ఉంచింది.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చి నిలబడిపోయాడు. గీతలు లేవు, బొట్లున్నాయి.

"నా గీతల మీదే పెట్టింది, నా స్టూడెంట్ కదా" అన్నాడు.

"తుడిచి పెట్టింది బిడ్డా. జర ఆమెనే అడగరాదు?"

"ఇవన్నీ తనకు తెలీవులెండి."

"గందుకే అడగమంటున్న!"

అడగలేదు. పాఠం చెప్పినవాడు పాఠం విన్నదాన్ని అడగడమా! బొట్టుకు బొట్టు సరిచూసుకుంటూ కొత్త బెల్టు బిగించి తాళం తిప్పాడు. ఇనుప డబ్బాలో కంకర పోసి ఊపినట్టు చప్పుడైంది. అంతే, ఇంజన్ మూగబోయింది.

ఆ పిల్ల పరుగెత్తుకొచ్చింది. "ఏమైందండీ?"

"బొట్లు ఎక్కడ పెట్టావసలు?"

"కనబడేచోట. కనబడకుండా పెడతారా ఎవరైనా?"

పండగంతా ఆయన ఆ కాగితాలే తిరగేశాడు. మర్నాడు పొద్దున కంపెనీ జీపు గల్లీలోకి వచ్చి హారన్ మోగించింది.

"ఓ అన్నా, బండి జరుపు! ఇంకా మందిని ఎక్కించుకోవాలె" అని డ్రైవరు అరిచాడు.

జరపడానికి అది కదిలితేగా! ఆయన కిటికీలోంచి స్టీరింగు పట్టుకుని తోశాడు. వెనక నేనూ డ్రైవరూ చేతులేశాం. అయినా కదల్లేదు. ఆ పిల్ల కొత్త హ్యాండ్‌బ్యాగు నా మెడలో వేసి, తానూ భుజం ఆనించింది. బండి కదిలింది. టైర్ల కింద నిమ్మకాయలు ఫట్టుమన్నాయి.

"అమ్మయ్య, తొక్కింది" అంది సంబరంగా.

ఆ పిల్ల జీపెక్కి కూర్చున్నాక ఆయన మసి చేతులతో కిటికీ దగ్గరికి పోయాడు. నేను వింటున్నానని గొంతు తగ్గించాడు గానీ నా చెవులు బాగానే పనిచేస్తాయి.

"వచ్చాక చెప్పు... అక్కడ అసలు ఏం పని చేయిస్తారో."

ఏళ్లుగా ఆ పనే నేర్పుతున్న మనిషి.