చెరకు చేనులో చోటు మారిన రాయి

1968 జనవరిలో నన్ను నిజామాబాద్ జిల్లాకు పంపారు. అప్పుడు నేను భూమి అయస్కాంత శక్తిని కొలిచే శాఖలో అసిస్టెంట్ అబ్జర్వర్‌ని. నా పై అధికారి రాఘవయ్య గారు. బోధన్‌కు నాలుగు మైళ్ల దూరంలో, ఒక చెరకు చేనులో పాతిన మా శాఖ రాయి దగ్గర మళ్లీ కొలతలు తీయడం మా పని.

దిక్సూచి ముల్లు సరిగ్గా ఉత్తరం చూపదు. అసలు ఉత్తరానికీ అది చూపే దిక్కుకూ మధ్య ఉండే కొద్దిపాటి కోణాన్ని దిక్పాతం అంటాం. ఏళ్లు గడిచేకొద్దీ అది మెల్లగా మారుతుంది. ఎంత మారిందో తెలియాలంటే కొన్నేళ్లకోసారి అదే చోట పరికరం నిలిపి చూడాలి. అందుకే వెళ్లగానే రాయి నుంచి బావికీ, కల్వర్టుకూ టేపుతో దూరాలు కొలిచి పాత రికార్డుతో సరిచూడాలి. ఆ పని నాది. శాఖ గుర్తు చెక్కిన రాయి గట్టు మీద కనబడగానే సంతోషపడి, టేపు తీయకుండానే ‘సరిచూశాం’ అని రాసేశాను.

మూడు రోజులు పనిచేశాం. ఇనుము దగ్గరుంటే ముల్లు తప్పు చూపుతుందని బెల్టులు, తాళంచేతులు, గడియారాలు దూరంగా పెట్టేవాళ్లం. ఇనుప పట్టాల చెరకు బండ్లు దాటిపోయేదాకా ఆగేవాళ్లం. దిక్కు పట్టుకోవడానికి రికార్డులో రాసిన దూరపు గురుతులు చెరకు చాటున కనబడక, సూర్యుణ్ణి చూసి అసలు ఉత్తరాన్ని లెక్కకట్టాం. ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి వీస్తే ఉడుకుతున్న రసం వాసన వచ్చేది. ఆ వాసన నాకు ఇప్పటికీ ఇష్టం. చేను లచ్చవ్వది. రోజూ పొద్దున మాకు తినడానికి మక్కజొన్న గట్క, తాగడానికి చల్ల తెచ్చేది. మొదటి రోజు ఒకసారి చెప్పాం, తర్వాత కొడవలి తనే దూరంగా పెట్టి వచ్చేది.

మూడో రోజు లెక్క కడితే, పాత కొలతలను బట్టి మేం అనుకున్న అంకెకు సరిగ్గా సరిపోయింది. రాఘవయ్య గారు నా భుజం తట్టారు. పెట్టెలు సర్దుతుంటే లచ్చవ్వ నా దగ్గరికి వచ్చి నిలబడింది.

“సారూ, గీ రాయి జరిపినోళ్లను జైల్ల ఏస్తరా?”

ఎవరు జరిపారని అడిగాను.

“మా ఆయినె. నాగలికి అడ్డమొస్తుందని నాలుగేండ్ల కింద తీసి గీ గట్టు మీద పాతిండు. సర్కారు రాయని మాకెర్క లేదు. మూడొద్దుల సంది గింత కష్టపడుతున్నరు. చెప్పకుంటే మనసొప్పలే.”

 అంకె కుదిరింది, ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కాసేపు నిజంగానే ఊరుకుందామనుకున్నాను. చివరికి వెళ్లి చెప్పాను. రాఘవయ్య గారు కోప్పడలేదు. టేపు తెమ్మన్నారు.

పాత చోటు అరవై అడుగుల అవతల, నిలబడి ఉన్న చెరకులో తేలింది. కోయమని అడగడానికి నాకు మొహం చెల్లలేదు. “ఎట్లయిన కొట్టేదే గద” అని లచ్చవ్వే మొదలుపెట్టింది. అంతవరకూ మాకు కనబడని ఆమె భర్త కూడా వచ్చి, నా వైపు చూడకుండా కోశాడు.

ఇంకో రెండు రోజులు కొలిచాం. డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం. గట్టు మీద వచ్చిన అంకెకూ కొత్త అంకెకూ ఎనిమిది నిమిషాల తేడా వచ్చింది. అది కొన్నేళ్ల మార్పుకు సమానం. అక్కడ నేల కింది నల్లరాతిలో ఇనుము ఉంది, కొద్ది అడుగులు జరిగినా ముల్లు తేడా చూపుతుంది. మొదటి అంకె కుదరడం ఒట్టి యాదృచ్ఛికం.

టేపు కొలవలేదన్న సంగతి రిపోర్టులో నా చేతనే రాయించారు. నా ప్రమోషన్ ఒక ఏడాది ఆగింది. రాయి జరిపిన మనిషి పేరు మాత్రం మేం రాయలేదు.

తప్పుగా కనబడిన కొలతను ఎవరైనా మళ్లీ చూస్తారు. అనుకున్నట్టే వచ్చిన కొలతను కూడా మళ్లీ చూడాలని నేను నేర్చుకున్నది అక్కడే. ఆ తర్వాత ఏ ఊరికి వెళ్లినా పెట్టెలు విప్పకముందే టేపు పట్టాను, రాయి ఎప్పుడైనా జరిగిందా అని చేను వాళ్లను అడిగాను.