మొక్కుబడి పుంజుకు మందు

ఎనభైల నాటి కరువులో మా పెరట్లో యాభై కోళ్లుండేవి. అబద్ధమెందుకు, ఏడే. వాటి రెట్టల్లో ఏలికపాములు కనిపిస్తే, పశువుల ఆసుపత్రి మందు తెచ్చి ఆరు కోళ్లకు తాగించాను. ఏడోది, వాన పడితే కోస్తానని మా ఆవిడ ఊరి దేవత పెద్దమ్మకు మొక్కుకున్న పుంజు.

“అమ్మవారి కోడికి మందేందయ్యా? ముట్టినావంటే చూడు!” అంది.

వాన రాదు. పుంజును కోయలేం, అమ్మలేం. అది చిక్కిపోతూనే పెరడంతా పురుగులు పంచుతోంది. మందు తాగినవాటికీ మళ్లీ పట్టుకున్నాయి. ఆమెను ఎదిరించి, ఆమె కళ్లముందే తాగించానని చెప్పుకుంటుంటాను గానీ, నిజానికి ఆమె నీళ్లకు పోయినప్పుడు దొంగతనంగా సంగటి ముద్దలో కలిపి మింగించాను.

పుంజు కోలుకుంది.

“చూసినావా, అమ్మే బాగు చేసింది! ఇంకో పుంజును గూడా మొక్కినా” అంది మురిసిపోతూ.

ఏ పుంజును అని అడిగాను; ఈసారి సంగటి ముద్ద దేనికి పెట్టాలో తెలియాలి కదా.