పిలుపు రాని సాక్షి

నానిన బొరుగులు పోపులో పడి, పుట్నాలపొడీ నిమ్మరసమూ కలిసి ఉగ్గాని వాసన వంటింట్లోంచి గుప్పుమందంటే మా పిల్లలు ప్లేట్లు పట్టుకొని పరుగెత్తుతారు గానీ, నేను మాత్రం ఇప్పటికీ ప్లేటు పక్కకు జరిపేస్తాను. నంద్యాల కోర్టు గేటు బయట తోపుడుబండి మీద అమ్మే ఆ ఉగ్గాని తింటూనే, మా చిన్నాయన ఓబులేసు ఇంటికొస్తాడో, ఖూనీ కేసులో జీవితమంతా జైల్లోనే ఉంటాడో తెలియక తొమ్మిదేళ్ల పిల్లను లోపలికే చూస్తూ కూర్చున్నాను.

మాది ఆళ్లగడ్డ పక్కన పల్లె. డెబ్బైల చివర మాట. కనుమనాడు అహోబిలంలో బయల్దేరి ఊరూరా తిరిగే పారువేట పల్లకి మా వీధికొచ్చే రోజు అలసంద వడల నూనె వాసన, తడిసిన ముగ్గుల వాసన, పిల్లలం చేలో పచ్చిశనగ కాల్చుకొని మూతులు మసి చేసుకొని పల్లకి వెంట పడటం, అబ్బో, ఆ సంబరమే వేరు. పల్లకి ఊళ్లో ఉన్నంతసేపు ఎంతటి కక్షలైనా పక్కనబెట్టి పగవాడి పక్కన కూడా పల్లకి కట్టె భుజాన మోయాలన్నది పెద్దల కట్టుబాటు. ఆ ఏడు పల్లకి వీధిలో ఉండగానే, సుంకమ్మవ్వ చిన్నకొడుకు సుబ్బరాయుణ్ణి చేలో ఎవరో నరికేశారని కేక వచ్చింది. కాలవ నీళ్ల దగ్గర వాళ్లకూ మాకూ పాత పంతం ఉంది. అదే అదనుగా చనిపోయినవాడి అన్న పోలీసు ఫిర్యాదులో మా చిన్నాయన పేరు రాయించాడు. పల్లకి మోస్తున్న మనిషి చేలోకెళ్లి ఎట్లా నరుకుతాడండీ? ఊరంతా చూసింది, ఊరంతా సుబ్బరాయుడి అన్నకు భయపడి నోరు కుట్టుకుంది.

నోరు విప్పింది సుంకమ్మవ్వ ఒక్కతే. కన్నకొడుకు పోయిన తల్లి, పెద్దకొడుకు కళ్లెర్రజేసినా వినకుండా, ఓబులేసు పల్లకి దగ్గరే ఉన్నాడని పోలీసులకు చెప్పింది. అట్లా ఆమె సర్కారు సాక్షుల్లో చేరింది. మా ఆశంతా ఆమె మీదే.

వాయిదా రోజు బేతంచెర్ల బండలు పరిచిన కోర్టు వరండాలో ఒక వైపు వాళ్లు, ఒక వైపు మేము, నడుమ స్తంభానికి ఆనుకొని అవ్వ. బంట్రోతు సాక్షులందరినీ పిలిచాడు, అవ్వను పిలవలేదు. మా వకీలు బయటికొచ్చాడు.

"సర్కారు వకీలు ఆ ముసలామె వద్దనేసినాడప్పా. సాక్ష్యాలు అయిపోయినాయంటాండాడు."

మనమే పిలిపిద్దామని నాయన అంటే, కొనుక్కున్న సాక్ష్యమంటారని వకీలు తల అడ్డంగా ఊపాడు. నిజం చెప్పే మనిషిని తెలిసి తెలిసి వాకిట్లోనే ఆపేసిన ఆ పెద్దమనిషిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ మాట అవ్వ చెవిన పడింది. లేచి, చెంగు బిగించి, బంట్రోతు అడ్డమొస్తున్నా ద్వారం దగ్గర నిలబడింది.

"సామీ! సచ్చింది నా కొడుకు. నన్ను యాల పిలవరు?"

"కొడుకు పోయి ఆమెకు మతి చలించిందండీ" అన్నాడు సర్కారు వకీలు. జడ్జిగారు కళ్లద్దాలు తీసి ఆమెను చూసి, బోనులోకి రమ్మన్నారు. నేను కిటికీ చువ్వలు పట్టుకొని వేలాడుతున్నాను.

"అంత గుంపులో ఓబులేసును ఎట్లా గుర్తుపట్టినావ్?" అని సర్కారు వకీలు గద్దించాడు.

"అది నా చిన్నకొడుకు మోయాల్సిన కట్టె. వాడు రాకపాయె, ఓబులేసు బుజం పెట్నాడు. తోలు ఒరుసుకపోతాంటే నా కొడుకు తువ్వాల నేనే మడిచి ఆ పిల్లోని బుజాన పెట్నా. అప్పుడే కేకొచ్చె."

ఆయన కాగితాలు మూసి కూర్చున్నాడు. తర్వాత వాయిదాకు చిన్నాయనను వదిలేశారు.

అవ్వ సాక్ష్యం చెప్పిన సాయంత్రం బస్టాండులో పెద్దకొడుకు ఆమెను వదిలేసి వెళ్లిపోయాడు. వాళ్లవాళ్లు చూస్తారని భయపడి మావాళ్లు దగ్గరికి పోలేదు. నాయన నా చేతికి ఉగ్గాని పొట్లం ఇచ్చి పంపాడు. అవ్వ దాన్ని ఒళ్లో పెట్టుకుంది, విప్పలేదు.

"మీ చిన్నాయన వస్తాడులే పాపా. మరి నా కొడుకును సంపిందెవరని ఆ లోపల ఒక్కరన్నా అడిగిరా?"

ఆ తోపుడుబండి ఇప్పుడు లేదు, బండల వరండా లేదు, అవ్వ కూడా లేదు. ముసలివాడైన చిన్నాయన మాత్రం పల్లకి వచ్చినప్పుడల్లా తువ్వాల మడిచి కట్టె కింద పెట్టి కళ్లు తుడుచుకుంటాడు. మా మనిషి మాకు దక్కాడు. ఆమె కొడుకు కేసు అక్కడితో మూసేశారు.

ఇంతవరకూ ఎవరూ అడగలేదవ్వా.