సిగరెట్ ముట్టించకుండా గెలిచిన ఆట

మా నరసాపురంలో ఆడవాళ్ల చేతులు ఊరికే ఉండవు. కబుర్లు చెప్పుకుంటున్నా, టీవీ చూస్తున్నా వేళ్లు లేసు అల్లుతూనే ఉంటాయి. నేనూ అంతే. మధ్యాహ్నం వంటపని అయ్యాక ముందుగదిలో చాప మీద కూర్చుని సూదీ దారం పట్టుకున్నానంటే సాయంత్రం దాకా లేవను. మా ఆయన రేవులో పంటు మీద పనిచేస్తారు. మనుషుల్నీ బళ్లనీ గోదావరి దాటించే ఆ పంటుకి ఇంజిను చూసేది ఆయనే. మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం.

వాడు పదో తరగతి పాసైనప్పుడు మా తమ్ముడు తను వాడుకున్న వీడియో గేమ్ పెట్టె తెచ్చి ఇచ్చాడు. దాన్ని ముందుగదిలో టీవీకి తగిలించారు. అప్పట్నుంచీ వాడు ఆడుతుంటే నేను పక్కనే లేసు అల్లుకుంటూ మధ్యమధ్యలో తలెత్తి చూసేదాన్ని. వాడికి బాగా ఇష్టమైన ఆటలో హీరో ఒక పాడుబడ్డ నగరంలో తప్పిపోయిన చెల్లెల్ని వెతుక్కుంటూ తిరుగుతాడు. వీధివీధికీ తుపాకులు పట్టుకున్న కాపలావాళ్లుంటారు. వాళ్లు దగ్గరికొస్తే హీరోకి చేతులు వణుకుతాయి. ఆ వణుకుతో ముందుకెళ్తే వాళ్లకి దొరికిపోతాడు. అప్పుడు మావాడు ఒక బటన్ నొక్కుతాడు. హీరో తల కొంచెం పక్కకి వంచి, ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుని సిగరెట్ వెలిగిస్తాడు. పొగ వదలగానే వణుకు ఆగిపోతుంది. ఆ బొమ్మ ఎన్నిసార్లు చూశానో. ఆటే కదా అనుకున్నాను.

ఒకరోజు అల్లిన లేసు ఏజెంటుగారింట్లో అప్పగించి, ఎండ తప్పించుకుందామని రేవు వెనక గట్టు మీదుగా వస్తున్నాను. చెట్ల కింద ముగ్గురు కుర్రాళ్లు నిలబడి ఉన్నారు. అందులో ఒకడు మావాడు. ఆకు కదలని ఉక్కపోత. అయినా వాడు తల పక్కకి వంచి, ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుని సిగరెట్ వెలిగించాడు. లేని గాలికి చెయ్యెందుకు అడ్డం పెట్టాడో నాకు వెంటనే అర్థమైంది. మా ఇంట్లో సిగరెట్ కాల్చేవాళ్లు ఎవరూ లేరు. వాడు ఆ తీరు నేర్చుకున్నది మా ముందుగదిలో, నా పక్కన కూర్చునే.

కాళ్లు అక్కడే ఆగిపోయాయి. వెళ్లి రెండు తగిలిద్దామనిపించింది. స్నేహితుల ముందు కొడితే వాడు రేపు ఇంకో చోటు వెతుక్కుంటాడు, అంతే. వాడు నన్ను చూడకముందే వెనక్కి తిరిగి, చుట్టూ తిరిగి ఇంటికొచ్చాను.

మా ఆయన భోజనానికి రాగానే చెప్పాను. కంచం ముందు కూర్చున్న మనిషి లేచి నిలబడ్డారు.

“ఆ పెట్టె పట్టుకెళ్లి గోదాట్లో పడేస్తాను.”

“పడేస్తే ఆట పోద్దండి. సిగరెట్ పోద్దా? కొన్నాళ్లు నాకొదిలేయండి.”

“నువ్వేం చేస్తావే?”

“నాకూ తెలీదండి. ముందు ఆ ఆట ఏంటో చూస్తాను.”

ఆ సాయంత్రం మావాడి పక్కన చేరి, నాకూ నేర్పమన్నాను. వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. “అమ్మా, రిమోట్ కాదు, కంట్రోలర్ అంటారు,” అన్నాడు. మొదట్లో నా హీరో గోడలకి గుద్దుకుంటూ, కాలవల్లో పడుతూ, ఎటు పోవాలో తెలీక అక్కడక్కడే గిరగిరా తిరిగాడు. నేనూ నవ్వాను. కానీ నా వేళ్లకి పని నేర్చుకోవడం కొత్త కాదు. చూపు ఒకచోట ఉంటే చెయ్యి ఇంకోచోట తనపాటికి తాను పోవడం లేసు నేర్పిన విద్య. వారం తిరిగేసరికి హీరో నేను చెప్పినట్టు నడవడం మొదలెట్టాడు.

కాపలావాళ్లు ఎదురుపడ్డారు. హీరో చేతులు వణికాయి.

“ఆ బటన్ నొక్కమ్మా,” అన్నాడు మావాడు.

“నొక్కితే ఏమవుద్ది?”

“సిగరెట్ కాలుస్తాడు. ధైర్యం వస్తది.”

“మీ నాన్న గోదారి పోటు మీదున్నప్పుడు కూడా పంటు నడుపుతారు. ఆయన చేతిలో ఎప్పుడైనా సిగరెట్ చూశావా?”

నేను కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని, టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే చెప్పాను. “మొన్న గట్టు మీద నిన్ను చూశాను.”

వాడి మొహం పాలిపోయింది. “నాన్నకి తెలుసా?”

“తెలుసు.”

“మరి కొట్టలేదేంటి?”

“నేను ఆగమన్నాను.”

వాడు చాప అంచు గిల్లుతూ అన్నాడు. “అందరూ కాలుస్తున్నారమ్మా. పట్టుకోవడం రాదంటే నవ్వుతారు. నాకు మొదటిసారే బాగా వచ్చిందన్నారు.” ఆ చివరి మాటలో కొంచెం గొప్ప కూడా వినపడింది నాకు.

“ఈ ఆట సిగరెట్ లేకుండా గెలవొచ్చా?” అనడిగాను.

“కుదరదమ్మా. గోడ చాటున కదలకుండా కూర్చుంటే వణుకు దానంతటదే తగ్గుద్ది గానీ, అందాకా ఎవడు ఆగుతాడు? చివర్లో ఓడరేవు ఉంటది. అక్కడ సిగరెట్ లేకుండా దాటినోడు మా కాలేజీలో లేడు.”

“అయితే నేను దాటుతాను.”

ఎందుకన్నానో తెలీదు. అనేశాక మాత్రం వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. అప్పట్నుంచి సాయంత్రాలు లేసు పక్కన పెట్టి కంట్రోలర్ పట్టుకునేదాన్ని. వణుకు మొదలైతే హీరోని గోడ చాటుకి తీసుకెళ్లి కూర్చోబెట్టి, వాడి ఊపిరి నెమ్మదించేదాకా ఆగేదాన్ని. ఆగడం నాకు కష్టం కాదు. లేసులో ఒక ముడి తప్పితే విప్పుకుంటూ వెనక్కి పోయేదానికి, గోడ చాటున కూర్చోవడం ఏపాటి! మొదట్లో విసుక్కున్న మావాడు మెల్లగా దగ్గరికి జరిగాడు. “అమ్మా, ఆగు. ఆ లైటు అటు తిరగనీ. ఇప్పుడు పరిగెత్తు!” అంటూ నాకంటే వాడే ఎక్కువ ఆత్రపడేవాడు.

సంగతి వాడి స్నేహితులకి తెలిసింది. ఓడరేవు దాటే రోజు ఆదివారం మధ్యాహ్నం. గట్టు మీద చూసిన ఇద్దరితో పాటు ఇంకొందరు కుర్రాళ్లు, పక్కింటి అమ్మాయిలు మా ముందుగదిలో చేరారు. మా ఆయనకి ఆ రోజు సెలవు. గుమ్మంలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నట్టు కూర్చున్నారు.

మొదటిసారి పట్టుబడ్డాను. రెండోసారీ అంతే. “పిన్నీ, ఒక్కసారి సిగరెట్ నొక్కండి, దాటేస్తారు,” అన్నాడు ఒక కుర్రాడు.

“నువ్వూరుకోరా,” అని కసిరాడు మావాడు.

ఆ తర్వాత ఎన్నిసార్లు పట్టుబడ్డానో లెక్కపెట్టలేదు. చివరికి హీరో పెట్టెల వెనక దాక్కుంటూ, వణుకుతూ, ఆగుతూ, మళ్లీ కదులుతూ ఓడరేవు చివర ఇనప తలుపు తీశాడు. లోపల చెల్లెలు ఉంది. గదంతా ఒకటే కేక. మా ఆయన పేపరు కింద పడేసి, “దాటేసిందా?” అని లోపలికొచ్చారు. మావాడు నన్ను పట్టుకుని ఊపేశాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అంతమంది నాకోసం చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి. సిగ్గేసింది. అయినా తల దించుకోలేదు.

దాంతో అన్నీ సర్దుకుపోయాయంటే అబద్ధమవుతుంది. కొన్నాళ్లకి వాడు మళ్లీ ఒకసారి కాల్చాడు. కాకపోతే ఆ సంగతి నాకు ఇంకెవరో చెప్పలేదు, వాడే వంటింట్లోకొచ్చి చెప్పాడు. నేను తిట్టలేదు. “మళ్లీ మొదట్నుంచి ఆడు,” అన్నాను. వాడికి అర్థమైంది. ఆ తర్వాత వాడే సిగరెట్ ముట్టకుండా ఆట మొత్తం ఆడి, దాన్ని రికార్డు చేసి స్నేహితులకి పంపాడు. కాలేజీలో అదొక పందెంలా మారింది. సిగరెట్ నొక్కినవాడు ఓడినట్టే లెక్క. వాళ్లలో బయట మానేసినవాళ్లెందరో నాకు తెలీదు. గట్టు మీద చూసిన ఇద్దర్లో ఒకడు మానేశాడని మాత్రం వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

మొన్న పాలకొల్లులో మా అక్క కొడుకు పెళ్లి. భోజనాలయ్యాక పెళ్లికొడుకు స్నేహితులు షామియానా పక్కన చేరి సిగరెట్లు వెలిగించారు. మావాడు అటుగా వెళ్తుంటే ఒకాయన పిలిచి, సిగరెట్ పెట్టె తీసి చాపాడు. నేను ఇవతల కుర్చీలో, ఆడవాళ్ల మధ్య ఉన్నాను. లేవబోయి ఆగిపోయాను.

“వద్దండి,” అన్నాడు మావాడు.

“ఏరా, ఇంకా చిన్నపిల్లాడివా?”

“కాదండి. మొదలెట్టి మానేశానండి.”

గొంతు వణకలేదు. నవ్వుతూనే అన్నాడు. వాళ్లూ నవ్వి, పక్కకి జరిగి చోటిస్తే, కాసేపు వాళ్లతో నిలబడి కబుర్లు చెప్పి వచ్చేశాడు. నా పక్కన కూర్చున్నావిడ పెళ్లికూతురి తరపు మనిషి. అంతకుముందెప్పుడూ చూసి ఎరగను.

“అదిగో, ఆ నీలం చొక్కా కుర్రాడున్నాడే, వాడు మా అబ్బాయండి,” అని చెప్పాను. ఆవిడ అడిగిందేమీ లేదు, నాకే చెప్పాలనిపించింది.