చీరకి తరుగు

మా మేనమామ కూతురు, నాకు వదిన వరస, విమానంలో ఎయిర్ హోస్టెస్‌గా చేసేది. నిడదవోలు వస్తే ఇంట్లోకి రాకముందే మా బియ్యం కొట్లో కాటా ఎక్కేది. నా మాటకే బరువు లేని ఇంట్లో ఆవిడ బరువు అందరికీ బెంగ.

ఓసారి కంపెనీ పెట్టిన హద్దు కన్నా కేజీ ఎక్కువ తూగింది. ఇక విమానం ఎక్కనివ్వరంటూ, అమ్మ పెట్టిన పూతరేకు ముట్టుకోలేదు.

"బొజ్జలున్న పైలట్లనీ తూస్తారా?" అంది అమ్మ.

"లేదత్తయ్యా."

"అయితే విమానం లేవదని కాదన్నమాట! తిను."

ప్రతి బస్తాకీ గోనె బరువు తరుగు తీసే నాన్న కాటా వంక చూసి, "చీరకి కేజీ తరుగమ్మా, సరిపోయావు" అన్నారు.

వదిన పకపకా నవ్వింది.

"మా కంపెనీ వాళ్ళు తరుగు కింద మనిషినే తీసేస్తారు మావయ్యా" అంటూనే పూతరేకు అందుకుంది.