మామయ్య బతికున్నట్టు ఫోను ఒప్పుకోవాలి

మా మామయ్య, అంటే మా ఆవిడ వాళ్ళ నాన్న, బతికే ఉన్నారు. ఈ సంగతి బొల్లారంలో వాళ్ళ వీధి మొత్తానికి తెలుసు. పొద్దున పాలవాడితో పాలలో నీళ్ళ గురించి, సాయంత్రం పక్కింటాయనతో స్కూటర్ ఎవరి గేటు ముందు పెట్టాడన్నదాని గురించి ఆయన చేసే వాదన విన్నవాళ్ళెవరికీ అనుమానం ఉండదు. పెన్షన్ ఇచ్చేవాళ్ళకు మాత్రం ఏటా నవంబర్‌లో ఆ అనుమానం వస్తుంది. బతికే ఉన్నానని ఆయన రుజువు చూపించాలి. లేకపోతే పెన్షన్ ఆగిపోతుంది.

పోయినేడాది బ్యాంకుకు వెళ్ళి వేలిముద్ర వేయబోయారు. రైలింజన్ల షెడ్డులో ఉద్యోగమంతా ఆకురాయి పట్టిన వేళ్ళు. మిషన్‌కు గీతలు దొరకలేదు. ఒక్కో వేలూ అడిగి చూసింది, ఏదీ నచ్చలేదు, ఇంకో రోజు రమ్మన్నారు. అలా ఇంకో రోజులు గడుస్తుండగానే పెన్షన్ ఆగింది, చలికాలం వెళ్ళాక గానీ మళ్ళీ మొదలవలేదు. ఆ చలికాలమంతా, కూరలో ఉప్పు తక్కువైందని ఆయన అన్నప్పుడల్లా, పోయినోళ్ళు ఉప్పు అడగరని అత్తయ్య జవాబిచ్చేది.

ఈ ఏడు ఆయనకు ఎవరో చెప్పారు, వేళ్ళతో పనిలేదు, ముఖం చూసి ఒప్పుకునే యాప్ ఉందని. ఆ యాప్ ఆయన ఫోన్‌లోకి దిగనంది. ఫోన్‌లోని సాఫ్ట్‌వేర్ పాతదట, కొత్తది కావాలట. ఆ మోడల్‌కు కొత్త సాఫ్ట్‌వేర్ పంపడం కంపెనీవాళ్ళు ఎప్పుడో మానేశారు. ఫోన్ చూస్తే నిన్న కొన్నట్టుంటుంది. ఫోన్‌కు కవరు, కవరుకు అత్తయ్య కుట్టిన గుడ్డసంచి. కొత్తది కొందామని మా ఆవిడ అంటే, నడిచే ఇంజన్ని తుక్కుకేస్తరా అని అడిగారు.

నేను అక్కడ ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. కంపెనీ వదిలేసిన ఫోన్లను వదలని మనుషులు కొందరున్నారని చెప్పాను. ఎక్కడెక్కడి దేశాల్లోనో కూర్చుని, జీతం లేకుండా, పాత మోడళ్ళకు సరిపడేలా కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసి ఊరికే ఇస్తారు. ఉన్నది చెరిపేసి అది ఎక్కించుకుంటే ఫోన్‌కు మళ్ళీ నాలుగేళ్ళ ఆయుష్షు. నా పాత ఫోన్లు రెండింటికి నేనే ఎక్కించానని కూడా చెప్పాను. మామయ్య నా వైపు మొదటిసారి కొంచెం గౌరవంగా చూశారు. పెళ్ళినాడు కూడా అలా చూడలేదు.

ఆయన మోడల్‌కు అలాంటిది ఉంది. దాన్ని చూసుకునే మనిషి ఎవరో, ఏ దేశమో తెలియదు. దాని వెబ్ పేజీలో ‘ఏవి పనిచేయవు’ అన్న చోట ‘మీరే చెప్పండి’ అని రాసి ఉంది. నిజాయితీగా ఉందనిపించింది. అది ఎక్కించాలంటే ముందు బయటి సాఫ్ట్‌వేర్ ఎక్కకుండా ఫోన్‌కు వేసిన తాళం కంపెనీ తీయాలి. అడిగితే వారం ఆగమన్నారు. డబ్బు పెట్టి కొన్న ఫోన్‌ను మనం తెరవడానికి వారం ఎందుకో అర్థం కాలేదు. మనసు మార్చుకుంటామేమోనని ఇచ్చిన గడువై ఉంటుంది. మార్చుకోవాల్సింది కూడా.

ఆదివారం ల్యాప్‌టాప్ సంచి తగిలించుకుని, మా ఆవిడతో కలిసి రాంగోపాల్‌పేట్ నుంచి బొల్లారం వెళ్ళాను. ఆ ల్యాప్‌టాప్ కూడా తుక్కులోకి పోవాల్సినది, నేను బతికించిందే. ఒకటే లోపం, బ్యాటరీ చచ్చిపోయింది కాబట్టి ప్లగ్‌లో ఉన్నంతసేపే బతుకుతుంది. ముందు గదిలో ప్లగ్ పక్కన పెట్టి, వైరుతో ఫోన్ తగిలించి, పాతది చెరిపేసి, కొత్తది ఎక్కించడం మొదలుపెట్టాను. ఎంత ఎక్కిందో చూపించే గీత తెర మీద సగందాకా వచ్చింది.

అప్పుడు అత్తయ్య అన్నానికి పిలిచింది. అది పిలుపు కాదు. ఆ ఇంట్లో ఆదివారం మటన్ చేస్తే అల్లుడు కూర్చునేదాకా ఎవరూ కంచం ముట్టరు. నేను కూర్చోకపోతే మామయ్యకు అన్నం లేదు. ఐదు నిమిషాలు ఆగమంటే, “ఫోన్ ఏడికి పోతది బిడ్డా, ముందుగాల తినుర్రి” అంది. గీత దానంతటదే ముందుకు పోతుంది కదా అని వెళ్ళి కూర్చున్నాను. చేతులు కడుక్కుని మామయ్య అందరికంటే ఆఖర్న వచ్చారు.

తిని వచ్చేసరికి ల్యాప్‌టాప్ నల్లగా ఉంది. ఫోన్ తెర మీద కంపెనీ పేరు తప్ప ఇంకేం లేదు, ఏది నొక్కినా ఆ పేరే. గోడ మీద స్విచ్ చూశాను. మనిషి లేని గదిలో కరెంటు ఉండకూడదన్నది మామయ్య పద్ధతి. గదిలోంచి బయటికొస్తే ఆయన చేయి దానంతటదే గోడ మీదికి పోతుంది. నిద్రలో లేచినా పోతుందని అత్తయ్య అంటుంది.

“నేనే బంద్ చేసిన,” అన్నారు మామయ్య. “ఎవ్వరు లేరు గద.”

పర్లేదు మామయ్యా అన్నాను. ఆ మాట ఎవరు అన్నారా అని మా ఆవిడ నా వైపు చూసింది.

నవంబర్ ఆఖరి వారం. పాత సాఫ్ట్‌వేర్ లేదు, కొత్తది సగమే ఉంది. ఆ పేజీలో నా కష్టం రాస్తే, ఆ తెలియని మనిషి నుంచి జవాబు త్వరగానే వచ్చింది. ముందు సూచనలు పూర్తిగా చదవమని. చదివాను. మధ్యలో కరెంటు పోతే ఏ బటన్లు కలిపి ఎంతసేపు నొక్కి పట్టుకోవాలో అందులో ఉంది. అల్లుడు భోజనానికి లేచిపోతే ఏం చేయాలో లేదు. బటన్లు పట్టుకుని మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను. ఈసారి మామయ్య స్విచ్ పక్కన కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. అత్తయ్య ఫ్యాన్ వేయడానికి వస్తే చేయి అడ్డం పెట్టారు. అందరం చెమటలు కక్కాం.

ఎక్కింది. ఫోన్ కొత్త కోడెలా పరిగెత్తింది. కెమెరాలో మాత్రం మామయ్య నీలంగా కనిపించారు. బతికున్నట్టు చూపించుకోవాల్సిన మనిషికి అది మంచి రంగు కాదు. ఏదో సెట్టింగ్ మారిస్తే మనిషి రంగులోకొచ్చారు. యాప్ కూడా దిగింది. తెరిచాం. ఈ ఫోన్‌లో మార్పులు చేశారు, దీన్ని నమ్మలేం అని చెప్పి మూసుకుపోయింది. పాత సాఫ్ట్‌వేర్ ఉంటే పాతదని రానివ్వదు, కొత్తది పెడితే ఎందుకు పెట్టావని రానివ్వదు.

దీనికీ ఒక ఉపాయం దొరికింది. ఇంకో చిన్న సాఫ్ట్‌వేర్ ముక్క కలిపితే, నేను కంపెనీ పంపినట్టే ఉన్నానని ఫోన్ ఆ యాప్‌కు చెబుతుంది. మామయ్యకు ఉత్సాహంగా వివరించాను.

“అంటే ఫోన్ అబద్ధం చెప్తదా?”

“చిన్నదే మామయ్యా. అందరూ చేస్తున్నారు.”

“నేను బతికున్న అని చెప్పేతందుకు అబద్ధమెందుకు అల్లుడు? బతికే ఉన్న గద.”

షెడ్డులోంచి ఇంజన్ బయటికి పోయేముందు, బాగుందని ఒకరు సంతకం పెట్టాలట. బాగాలేనిదానికి ఎవరెంత మొత్తుకున్నా తాను పెట్టలేదట. ఫోన్‌ వేరు, ఇంజన్‌ వేరు అన్నాను. పోయినేడు చలికాలం గుర్తుచేశాను. మళ్ళీ బ్యాంకు, మళ్ళీ వేళ్ళు అని బెదిరించాను. డ్రైవర్ల మాట విన్నంత ఓపికగా విన్నారు. వింటారు, కదలరు. సగం ఆదివారం, ఒక వారం గడువు, అంత చెమట, అన్నీ ఆ ఒక్క ‘గద’ దగ్గర ఆగిపోయాయి. ఆయన తప్పు మాట్లాడలేదన్నది నాకు ఇంకా చిరాకు.

రాత్రి వంటకు ఉల్లిపాయ కోస్తూ అత్తయ్య గుమ్మం దగ్గరికి వచ్చింది. “అది మీ ఫోన్ల సుత ఎక్కదా బిడ్డా?” అని అడిగింది.

నా ఫోన్ నా జేబులోనే ఉంది. కంపెనీ సాఫ్ట్‌వేరే, నేనింకా దాని జోలికి పోలేదు. యాప్‌కు కావాల్సింది మామయ్య ముఖం, ఫోన్ ఎవరిదైనా దానికి ఒకటే. వారం నుంచి నేను ఫోన్‌ను బతికించే పనిలో ఉన్నాను. మామయ్య సంగతి మధ్యలో ఎక్కడో జారిపోయింది. ఎక్కుతుందత్తయ్యా అన్నాను. మా ఆవిడ అనాల్సింది ఇంటికెళ్ళాక అంటుంది.

నిమిషంలో దిగింది. తెర మీద గుండ్రంలో ముఖం పెట్టి రెప్ప వేయమంది. మామయ్య ఐడీ కార్డు ఫొటోకు కూర్చున్నట్టు బిగుసుకున్నారు. రెప్ప వేయండి మామయ్యా అంటే వేస్తున్న గద అంటారు, వేయరు. యాప్ మళ్ళీ ప్రయత్నించమంటుంది. ఆయన ఇంకా పెద్దగా కళ్ళు తెరుస్తారు. బతికున్నవాళ్ళు ఇలా చూడరని దానికి తెలిసినట్టుంది. ఇంతలో అత్తయ్య పప్పుకు పోపు పెట్టింది. ఎండుమిరపకాయల ఘాటు ముందు గదిలోకి వచ్చింది. మామయ్య కళ్ళు టపటపలాడాయి. పచ్చటి టిక్కు పడింది.

మెసేజ్ ఆయన పాత ఫోన్‌కే వచ్చింది, టక్కున. కళ్ళద్దాలు పెట్టుకుని, వంటింటికి వినపడేలా చదివారు. రుజువు అందిందని, పెన్షన్ కొనసాగుతుందని. రెండోసారి ఇంకొంచెం గట్టిగా చదివారు.

“గ్యాస్ అయిపోయింది,” అంది అత్తయ్య లోపలినుంచి. “బతికున్నోళ్ళు ఎవరన్న ఉంటే సిలిండర్ మార్చుర్రి.”

ఇద్దరం లేచాం. వెళ్తూ వెళ్తూ మామయ్య గదిలో లైటు ఆర్పారు.